‘ఆనందో బ్రహ్మ’ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: నమస్కారమండీ. మేం తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. మా నాయన చిత్తూరు జిల్లాలో టీచరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. దూరదర్శన్‌లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ ఎత్తకుండా ఆయనకు రోజు గడవదు. అందులో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఎట్లా మాట్లాడేవారో చేసి మరీ చూపిస్తారు. మా పిల్లలేమో ‘అంత బాగుంటే యూట్యూబ్‌లో ఎందుకు లేదు తాతా?’ అని ఆటపట్టిస్తారు. ఆయన చిన్నబుచ్చుకుంటారు. నేను ఎప్పుడు వెతికినా దెయ్యాల సినిమానే వస్తోంది. ఫేస్‌బుక్‌లో ఒకతను మొత్తం ఎపిసోడ్లు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను, ముందు 1500 రూపాయలు పంపండి అన్నాడు. ఇంకొకరు వాట్సాప్‌లో ఏదో యాప్ పంపించి, ఇందులో పాత సీరియళ్లన్నీ ఉన్నాయి అన్నారు. సంక్రాంతికి అన్నావాళ్లు, పిల్లలు అందరూ వస్తారు. ఆ లోపల ఒక్క ఎపిసోడైనా చూపించాలని ఆశ. డబ్బు పంపొచ్చా? వేరే దారి ఏమైనా ఉందా?
– ఒక కూతురు, తిరుపతి

సమాధానం: అమ్మా, డబ్బు పంపకండి. ఆ యాప్ ఫోన్‌లో వేసుకోకండి. ప్లే స్టోర్‌లో లేకుండా వాట్సాప్‌లో ఫైలుగా వచ్చే యాప్‌లతో ఫోన్‌లోని మెసేజీలు, ఓటీపీలు అవతలివాళ్లు చదివేయగలరు, దాంతో బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపి, దాన్ని తీసేసి, మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. పెన్‌డ్రైవ్ మనిషి విషయానికొస్తే, నిజంగా అతని దగ్గర ఎపిసోడ్లు ఉంటే రెండు నిమిషాల ముక్క పంపమనండి, అందులో దూరదర్శన్ గుర్తు, టైటిల్స్ కనిపించాలి. అది కూడా పంపలేని మనిషికి రూపాయి కూడా ఇవ్వాల్సిన పని లేదు.

ఇక వెతుకులాట. మీకు దెయ్యాల సినిమా ఎందుకు వస్తోందంటే, అదే పేరుతో 2017లో తాప్సీ నటించిన సినిమా ఒకటి వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ నవల కూడా ఒకటి ఇదే పేరుతో ఉంది. కొత్త సినిమా ట్రైలర్లు, పాటలు, రివ్యూలు, నవల గురించిన వీడియోలు అన్నీ కలిసి పాత సీరియల్‌ని అడుగుకు తోసేస్తాయి. కాబట్టి పేరొక్కటే కొడితే లాభం లేదు. ‘ధర్మవరపు సుబ్రహ్మణ్యం దూరదర్శన్’ అని కొట్టండి, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో. పేరుతోనే వెతకాలంటే పక్కన మైనస్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా తాప్సీ అని, మళ్లీ అలాగే ట్రైలర్ అని రాయండి. ఆ మాటలున్న వీడియోలు చాలావరకు పక్కకు పోతాయి. ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కాబట్టి రెండు మూడు రకాలుగా ప్రయత్నించండి. పాత క్యాసెట్ల నుంచి వీడియోలు ఎక్కించేవాళ్లు చాలామంది సీరియల్ పేరు కూడా రాయరు. ‘పాత దూరదర్శన్ కామెడీ’ అని పెట్టి వదిలేస్తారు. అవి కూడా ఓపికగా చూడండి.

సొంతదారు ఎక్కించాడా అన్నది వేరుగా చూడాలి. యూట్యూబ్‌లో ప్రసార భారతి (దూరదర్శన్‌ను నడిపే సంస్థ) ఆర్కైవ్స్ ఛానెల్ ఉంది, డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి ఛానెళ్లు ఉన్నాయి. యూట్యూబ్ మొత్తంలో కాకుండా ఒక్కో ఛానెల్ పేజీలోకి వెళ్లి అక్కడ ఉండే భూతద్దం గుర్తు నొక్కి వెతకండి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే ఓటీటీ తెచ్చింది. పాత దూరదర్శన్ కార్యక్రమాలు అందులో పెడుతున్నారు. ప్లే స్టోర్ నుంచే దించుకుని ధర్మవరపు పేరుతో చూడండి. ఈ పనంతా ఒక సాయంత్రంలో అయిపోతుంది. దొరికితే సంతోషం, దొరకకపోతే అసలు పని అప్పుడు మొదలవుతుంది.

మీ పిల్లల ప్రశ్నకు మీ నాయనగారు చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. యూట్యూబ్‌లో ఉండడానికీ బాగుండడానికీ సంబంధం లేదు. ఆ టేపు ఎవరో ఒకరు దాచి ఉండాలి, అది తిప్పే మిషన్ ఉండాలి, డిజిటల్‌లోకి మార్చాలి, హక్కు ఉన్నవాళ్లకు పెట్టాలని అనిపించాలి. ఇవన్నీ జరిగితేనే అది మన ఫోన్‌లో కనిపిస్తుంది. ‘అమృతం’ 2001 నుంచి 2007 వరకు జెమినీలో వచ్చింది. దాని వెనక గుణ్ణం గంగరాజు గారి సొంత సంస్థ ఉంది, టేపులు భద్రంగా ఉన్నాయి, హక్కులూ స్పష్టంగా ఉన్నాయి. అందుకే ఈనాటి పిల్లలు కూడా హాయిగా చూస్తున్నారు. 1995లో జెమినీ, ఈటీవీ రాకముందు మన ఇళ్లలో తెలుగు కామెడీ అంటే దూరదర్శన్ ఇచ్చిందే. ఆ కాలపు కార్యక్రమాలకు ఇలాంటి అదృష్టం పట్టలేదు. అప్పట్లో టేపు ఖరీదైన వస్తువు. చెరిపి మళ్లీ వాడుకోవడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. బ్రిటన్‌లో బీబీసీ కూడా 1960లు, 70లలో తన కార్యక్రమాలు ఎన్నో చెరిపేసింది. వాళ్లకు ప్రాణప్రదమైన ‘డాడ్స్ ఆర్మీ’ కామెడీలో 1969 నాటి ఐదు ఎపిసోడ్లు అలా పోయాయి. వాటిలో రెండు 2001లో తిరిగి దొరికాయి, అవి కూడా బీబీసీ గదుల్లో కాదు, బయట ఒక మనిషి దాచుకున్న ఫిల్మ్ రీళ్లలో. అందుకే మీకు రెండు వైపుల నుంచీ వెతకమంటున్నాను: ఒకటి దూరదర్శన్, రెండోది మన ఇళ్ల బీరువాలు.

దూరదర్శన్ అనగానే తిరుపతివాళ్లకు సప్తగిరి గుర్తొస్తుంది. అయితే మీ ఉత్తరం విజయవాడకు కాదు, హైదరాబాదు రామంతాపూర్ కేంద్రానికి వెళ్లాలి. రాష్ట్ర విభజన తర్వాత సప్తగిరి విజయవాడ నుంచి నడుస్తోంది, హైదరాబాదు ఛానెల్ యాదగిరి అయింది. మీ నాయనగారు చూసిన రోజుల్లో తెలుగు కార్యక్రమాలకు కేంద్రం హైదరాబాదే. పాత టేపుల లైబ్రరీ గురించి అడగాల్సింది అక్కడే.

ఫోన్ చేసి అడిగితే ‘చూస్తామండీ’ అంటారు. రాసి అడగండి, అదీ సమాచార హక్కు చట్టం కింద. ప్రసార భారతి కేంద్ర ప్రభుత్వ చట్టంతో ఏర్పడిన సంస్థ, ఈ చట్టం దానికి వర్తిస్తుంది. ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో ప్రసార భారతిని ఎంచుకుని పంపొచ్చు. మీకు తెలుగులో రాయడమే సుఖమైతే పోస్టులో పంపండి, దరఖాస్తు చేసే ప్రాంతపు అధికార భాషలో రాయొచ్చని చట్టంలోనే ఉంది. పోస్టాఫీసులో 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకుని అకౌంట్స్ ఆఫీసర్ పేరిట జత చేయండి.

ఏం అడుగుతారన్నదే ముఖ్యం. ‘ఆనందో బ్రహ్మ ఎందుకు వేయడం లేదు?’ అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే అది అభిప్రాయం అడగడం కిందికి వస్తుంది. వాళ్ల దగ్గర కాగితాల్లో ఉన్నది అడగాలి. ఈ పేరుతో 1985 నుంచి 2000 వరకు ప్రసారమైన కార్యక్రమం టేపులు మీ లైబ్రరీలో ఎన్ని ఉన్నాయి, టేపు నంబర్లు, ప్రసార తేదీలతో జాబితా ఇవ్వండి అని మొదటి ప్రశ్న. అది హైదరాబాదు కేంద్రం సొంతంగా తీసిందా, బయటి నిర్మాత తీశాడా, హక్కులు ఇప్పుడు ఎవరివి అని రెండోది. డిజిటల్‌లోకి మార్చినవి ఎన్ని అని మూడోది. టేపులు లేకపోతే, వాటిని చెరిపినట్టో, తీసేసినట్టో ఉన్న రిజిస్టరు పేజీ నకలు కావాలి అని నాలుగోది. ఈ నాలుగో ప్రశ్న వదలకండి. ‘లేవు’ అని ఒక్క మాటతో తేల్చేయకుండా రిజిస్టరు తెరిచి చూసేలా చేసేది అదే.

ఎపిసోడ్ కాపీ మాత్రం ఈ దరఖాస్తులో అడగకండి. హక్కులు బయటి వ్యక్తివైతే కాపీ ఇవ్వడానికి నిరాకరించవచ్చని చట్టంలో 9వ సెక్షన్ ఉంది. ఆ వంకతో మిగతా ప్రశ్నలకు కూడా జవాబు ఆగిపోవచ్చు. టేపు ఉందని లిఖితపూర్వకంగా తెలిశాక, కేంద్రం అధిపతికి మామూలు ఉత్తరం రాయండి: ఫలానా నంబరు టేపు మీ దగ్గర ఉందని మీరే చెప్పారు, దాన్ని యూట్యూబ్‌లోనో వేవ్స్‌లోనో పెట్టండి, లేదా ఒక ఆదివారం ప్రసారం చేయండి అని. అందులో నాలుగు ఇళ్ల పెద్దవాళ్ల సంతకాలుంటే ఇంకా మంచిది. దూరదర్శన్ ఇలాంటివి వినదని అనుకోకండి. 2020 మార్చి 28న రామాయణం మళ్లీ వేసినప్పుడు ప్రజలు కోరారు కాబట్టే అని చెప్పారు. ఆ వెంటనే పాత కార్యక్రమాల కోసమే డీడీ రెట్రో ఛానెల్ మొదలుపెట్టారు. హిందీవాళ్లు అడిగి సాధించుకున్నారు, మన తెలుగు కామెడీ కోసం మనమూ అడగాలి. నాకు ఇందులో చాలా పట్టుదల ఉంది. సినిమాల్లో లెక్చరర్‌గా, ఆఫీసరుగా నవ్వించిన ధర్మవరపు గారు 2013 డిసెంబరులో వెళ్లిపోయారు. తను జోక్ వేస్తున్నట్టు మొహంలో ఎక్కడా కనిపించనీయకుండా, మాట సాగదీసి నవ్వించే ఆ పద్ధతి ఆయనకు ముందుగా పేరు తెచ్చింది ఈ చిన్న తెర మీదే. అది చూడకుండా ఆయన్ని చూశామనుకోవడం సగం చూడడమే.

దరఖాస్తు రాసేముందు మీ నాయనగారితో ఒక గంట కూర్చోండి. ఏ వారం, ఎన్ని గంటలకు వచ్చేది, ఇంకా ఎవరు నటించేవారు, మధ్యలో ఏ ప్రకటనలు వచ్చేవి, ఎవరింట్లో చూసేవారు, అన్నీ రాసుకోండి. సంవత్సరం గుర్తు లేదంటే ఏ ఊళ్లో ఉన్నప్పుడు చూశారో అడగండి. పలమనేరులోనా, పుంగనూరు బదిలీ అయ్యాకనా? టీచర్ల సర్వీసు రిజిస్టర్‌లో ప్రతి బదిలీకీ తేదీ ఉంటుంది, దాన్నిబట్టి సంవత్సరం తేలిపోతుంది. సంవత్సరం తేలితే తేదీ పట్టుకోవడం కూడా కష్టం కాదు. అప్పటి దినపత్రికలు ఏ రోజు టీవీలో ఏముందో రోజూ అచ్చువేసేవి. చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో పాత పేపర్ల బైండ్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో అడిగి చూడండి. ‘ఫలానా తేదీ, ఫలానా సమయం’ అని రాసిన దరఖాస్తుకూ, ‘చిన్నప్పుడు వచ్చేది’ అని రాసిన దరఖాస్తుకూ లైబ్రరీలో వెతికేవాళ్ల దగ్గర చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు ఇళ్ల బీరువాలు. ఆ రోజుల్లో వీసీఆర్ ఎవరి దగ్గర ఉండేది? పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర, వీడియో లైబ్రరీల దగ్గర, కేబుల్ ఆపరేటర్ల దగ్గర, కువైట్ పోయివచ్చిన ఇళ్లలో. పీలేరు, రాయచోటి వైపు మీకు చుట్టాలుంటే వాళ్లను తప్పకుండా అడగండి. టీవీలో వచ్చినవి రికార్డు చేసుకున్న ఇళ్లు ఉంటాయి. తిరుపతిలో 90ల్లో కేబుల్ నడిపిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. లీలామహల్ సర్కిల్, గాంధీరోడ్డు వైపు పాత ఫొటో స్టూడియోల్లో అడిగితే ఎవరెవరు నడిపారో చెప్తారు. అడిగేటప్పుడు సీరియల్ పేరు ఒక్కటే చెప్పకండి, పేరు రాయని పాత క్యాసెట్లు ఏవైనా ఉన్నాయా అని అడగండి. పెళ్లి క్యాసెట్ చివర మిగిలిన టేపులో టీవీ కార్యక్రమం రికార్డు చేయడం అందరికీ ఉన్న అలవాటు.

క్యాసెట్ దొరికితే ఆత్రంగా వీసీఆర్‌లో పెట్టకండి. ముందు దాని పక్కన చిన్న ప్లాస్టిక్ నాలుక ఉందేమో చూడండి. ఉంటే విరిచేయండి, అప్పుడు పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లని పొడి కనిపిస్తే అది బూజు. అలాంటిది తిప్పితే టేపూ పోతుంది, వీసీఆర్ హెడ్ పాడైపోతుంది, ఆ బూజు తర్వాత పెట్టే క్యాసెట్లకు కూడా అంటుకుంటుంది. దాన్ని శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. బూజు లేకపోయినా, ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి ఆ వీసీఆర్ టేపు నమలడం లేదని చూసుకోండి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, ఇప్పుడున్నవన్నీ పాతవే. బెల్టు సాగిపోయి, హెడ్ అరిగిపోయి ఉంటే మద్రాసు రిచీ స్ట్రీట్‌లో విచారించండి. తిరుపతి నుంచి ఉదయం బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అమెరికాలో ఉన్న బంధువులకు క్యాసెట్ పంపి మార్పించాలనుకుంటే జాగ్రత్త, మన క్యాసెట్లు పాల్ (PAL) అనే వీడియో పద్ధతిలోవి, అక్కడి మామూలు వీసీఆర్‌లో సరిగ్గా ఆడవు.

పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి మార్చే స్టూడియోలు మన ఊళ్లోనే ఉన్నాయి. ఇచ్చేటప్పుడు మూడు సంగతులు గట్టిగా చెప్పండి. క్యాసెట్ మొత్తం మార్చాలి, మధ్యలో ప్రకటనలు, వార్తల ముక్కలు కత్తిరించకూడదు, ఏ సంవత్సరపు రికార్డింగో చెప్పేవి అవే. ఫైలు చిన్నది చేయడానికి నాణ్యత తగ్గించకూడదు. శబ్దం ముందు సరిచూడాలి, బొమ్మ కాస్త మసకగా ఉన్నా నవ్వొస్తుంది గానీ మాట వినబడకపోతే రాదు. క్యాసెట్ ఎంతసేపు నడుస్తుందో మార్చడానికీ అంతసేపు పడుతుంది, మూడు గంటల క్యాసెట్‌ని పది నిమిషాల్లో ఇస్తానంటే నమ్మకండి. పని అయ్యాక అసలు క్యాసెట్ వెనక్కి తీసుకుని, అటక మీద ఎండ వేడికి కాకుండా చల్లగా, పొడిగా ఉండే చోట నిలువుగా పెట్టండి.

ఇంట్లో అందరూ కూర్చుని చూడడానికి ఏ ఇబ్బందీ లేదు. యూట్యూబ్‌లో ఎక్కించడం మాత్రం వేరే సంగతి. ఇలాంటి కార్యక్రమాలకు మన కాపీరైట్ చట్టంలో 60 ఏళ్ల రక్షణ ఉంది, అంటే 1994లో వచ్చిన దానికి 2054 చివరి వరకు. మీకు క్యాసెట్ దొరికి, దూరదర్శన్ దగ్గర ఆ ఎపిసోడ్ లేదని తేలితే, మీ డిజిటల్ కాపీని వాళ్లకే ఇస్తానని రాయండి. వాళ్లు పెడితే అందరూ చూస్తారు, ఎవరూ తీసేయలేరు.

సంక్రాంతి సంగతి నేను మాట ఇవ్వలేను. దరఖాస్తుకు జవాబే నెల పట్టొచ్చు, ఆ తర్వాత టేపు బయటికి రావడం వాళ్ల చేతిలో ఉంది. పండక్కి అందరూ వచ్చినప్పుడు ధర్మవరపు గారి సినిమా సీన్లు ఒక గంట వేసి, మధ్యలో మీ నాయనగారిని చేసి చూపించమనండి. పిల్లలకు ఆ గొంతు ఒకసారి తెలిస్తే తాత చేసేది ఎంత బాగా కుదిరిందో వాళ్లకే అర్థమవుతుంది. మీ అన్నావాళ్లను కూడా ఊరికే కూర్చోబెట్టకండి, ఒకరికి లైబ్రరీ, ఒకరికి పీలేరు చుట్టాలు అప్పజెప్పండి.

దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు, దరఖాస్తు నకలు దాచుకోండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, వచ్చినా ‘సమాచారం లేదు’ అని ముక్తసరిగా ఉంటే, అప్పటి నుంచి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేయొచ్చు, దానికి ఫీజు లేదు. జవాబు కవర్ మీద తపాలా ముద్ర తేదీ కూడా అప్పుడు పనికొస్తుంది, కాబట్టి కవర్ పారేయకండి. టేపుల జాబితా వస్తే ఒక నకలు నాకు పంపండి. మిగతా పాఠకులు కూడా అవే టేపు నంబర్లు రాసి కేంద్రానికి ఉత్తరాలు వేసేలా ఇక్కడ అచ్చు వేస్తాను.